నాలుగో అంతస్తు

శనివారం పొద్దున, చివిల్‌కోయ్‌లో మా ఇనుప సామాన్ల కొట్టు.
షట్టరు ఇంకా సగమే ఎత్తాను,
దాని కిందనుంచే వంగి లోపలికొచ్చాడు ఫెర్మీన్
ఓ కాగితం ముక్కా, కొలతల టేపూ పట్టుకుని.

"పెరడు ఉంది" అన్నాడు,
కూతురు పుట్టిందని చెప్పే గొంతుతో.

ముప్పై ఒక్కేళ్లు బ్యూనస్ ఐరిస్‌లో లిఫ్టులు బాగుచేశాడట.
ఏడో అంతస్తులో ఒంటిగది బతుకు,
ఆకాశమంటే రెండు మేడల మధ్య ఇరుక్కున్న నీలం నాడా.
ఇప్పుడు నాలుగు మీటర్ల వెడల్పు, ఆరు మీటర్ల పొడవు మట్టి,
ఒక నిమ్మచెట్టు, మూడు వైపులా పొరుగు గోడలు.
"మాంసం కాల్చే పొయ్యి కావాలి. మొదటిది.
నవ్వకు."

నవ్వలేదు. ఈ ఊళ్లో యాభై తొమ్మిదేళ్ల మగాడు
నిప్పు రాజెయ్యడం రాదని ఒప్పుకోవడమంటే
చొక్కా ఎత్తి ఆపరేషను మచ్చ చూపించడమే.

గ్యాసుది చూపించాను. మూత తీస్తే ఆసుపత్రిలా మెరుస్తుంది,
మీట తిప్పితే మంట. నాకు కమిషనూ దాని మీదే ఎక్కువ.
"వాసన?"
"పెద్దగా రాదు."
"మరి పక్కింటివాళ్లకెలా తెలుస్తుంది?"

నిలువునా కోసిన నూనె పీపా చూపించాను, నాలుగు కాళ్లది,
చవక, తుప్పు పట్టినా ఏడుపు రాదు.
డాక్టరు వీపు తట్టినట్టు వేళ్లతో తట్టి చూశాడు.
"ఇది ఎందరిని మోస్తుంది?"
ఎందరికి సరిపోతుందనబోయి నోరు జారాడనుకున్నా.
కాదు. అతని లోపల ఇంకా ఓ ఇత్తడి పలక వేలాడుతోంది:
ఆరుగురు, నాలుగువందల యాభై కిలోలు.

"నీతో ఎందరు తింటారు?" అడిగాను.
పైకప్పు వైపు చూస్తూ లెక్కపెట్టాడు.
ఒక్క వేలూ ముడవలేదు.
"ముందు పొయ్యి ఉండనీ."

అప్పుడు చూశాడు దాన్ని, మూల, రంగు డబ్బాల వెనక,
రెండేళ్లుగా ఎవరూ కొననిది.
పక్కన చక్రం. తిప్పితే ఇనుప తీగ మీద
ఊచల తట్ట నిప్పుల్లోకి దిగుతుంది, పైకి లేస్తుంది.
చక్రం తిప్పాడు. చెవి ఆనించి విన్నాడు.
"కప్పీ ఎండిపోయింది" అని
మా నూనె డబ్బాతో మా సరుక్కి మా కొట్లోనే
తనే నూనె పట్టాడు.
ఇక బేరమాడే మొహం నాకెక్కడిది?
అడక్కుండానే పదో వంతు తగ్గించాను.

చిల్లర ఇస్తూ మా అమ్మ మాట చెప్పాను:
కట్టెలు పక్కన కాలనీ. మంట మీద కాదు, కణకణలాడే నిప్పు మీద.
ఊచల మీదుగా అరచెయ్యి చాపి అంకెలు చదువు.
రెండుకే లాక్కున్నావా, మాడుతుంది.
పదైనా లాగలేదంటే నువ్వూ మాంసమూ కలిసి చలి కాచుకుంటున్నట్టు.
ఆరు మంచి అంకె.

సోమవారం మళ్లీ వచ్చాడు. ఒక కనుబొమ్మ సగమే ఉంది.
వాపసు ఇస్తాడేమోనని బిల్లు పుస్తకం వెతుక్కున్నాను.

"పైన బొగ్గు, లోపల పచ్చి" అన్నాడు గర్వంగా.
పొగకి నిమ్మచెట్టు కూడా కనపడలేదట.
కుడి గోడ మీంచి ఓ తల: "తడి కట్టెలవి, మహానుభావా!"
ఎడమ గోడ మీంచి ముసలి ఎర్మెలిందా:
"కదపకు, కదపకు, దాని మానాన దాన్ని కాలనీ!"
వెనక గోడ మీంచి మొహం లేదు, చెయ్యి మాత్రమే,
ఎండు కట్టెల కట్ట అందిస్తూ.

"అంకెలు చదివావా?"
"చదివాను. చెయ్యి నాలుగో అంతస్తులో దిగిపోయింది."

కాగితం ముక్క తీశాడు. ఈసారి కొలతలు కావు.
ఫోర్కులు ఏడు. కత్తులు ఏడు.
కౌంటరు మీది నా పెన్సిలు తీసుకుని
రెండూ కొట్టేసి తొమ్మిది చేశాడు.
"వెనక గోడ చెయ్యి ఉంది చూడు,
దాని వెనక ఎందరున్నారో ఇంకా తెలీదు."